ఫిల్మ్ చెడిపోయిందని రాసే ముందు: అమ్మోనియా నకళ్ల విషయమై వినతిపత్రం

గౌరవనీయులైన రెవెన్యూ, సర్వే, పురపాలక శాఖల ఉన్నతాధికారులకు, హైటెక్ సిటీ, సైబరాబాద్ ఐటీ కారిడార్ పరిధిలోని పాత నక్షాలు, లేఅవుట్లు, బిల్డింగు ప్లాన్లు భద్రపరిచే కార్యాలయాల బాధ్యులకు,

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల ప్లాన్ ప్రింటింగు షాపుల వాళ్లం, రికార్డు గదుల్లో అమ్మోనియా మెషీన్ మీద పనిచేస్తున్న కాంట్రాక్టు ఆపరేటర్లం, రిటైరైన ట్రేసర్లం, డ్రాఫ్ట్స్‌మెన్ అందరం కలిసి సమర్పించుకుంటున్న వినతి.

విషయం: అమ్మోనియాతో తీసే ఫిల్మ్ నకళ్లు సరిగా రానప్పుడు కారణం పరీక్షించకుండానే పాత ఫిల్మ్‌లను పనికిరానివిగా తేల్చడం ఆపాలని, పరీక్షకు కావలసిన సరుకు, సమయం, భద్రత కల్పించాలని కోరడం గురించి.

అయ్యా, అమ్మా,

ఐటీ కారిడార్‌లో ఈరోజు ఏ స్థలం పేచీ వచ్చినా చివరికి అందరూ వెతుక్కునేది పాత నక్షానే. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి మాదాపూర్, కొండాపూర్, ఖానామెట్, ఇజ్జత్‌నగర్, గుట్టల బేగంపేట, నానక్‌రాంగూడ ఇంకా ఊళ్లలాగే ఉండేవి. ఆ ఊళ్ల సర్వే నంబర్ల హద్దులు, చెరువు శిఖం గీతలు, బండి బాటలు, అప్పట్లో వేసిన లేఅవుట్లు, తర్వాత లేచిన తొలి అపార్ట్‌మెంట్ల ప్లాన్లు చాలావరకు ట్రేసింగు కాగితం మీదో, ట్రేసింగు బట్ట మీదో చేత్తో గీసినవి. వాటికి నకలు తీయాలంటే అప్పటి మామూలు పద్ధతి అమ్మోనియా ప్రింటే. కాగితం మీద తీస్తే అది పార్టీ చేతికిచ్చే ప్రింటు. పారదర్శకమైన పాలియెస్టర్ ఫిల్మ్ మీద తీస్తే అది ఆర్‌టీఎఫ్, లేదా మేము సెపియా అని పిలుచుకునే రెండో మూలం. ట్రేసింగును మాటిమాటికీ చుట్టి విప్పితే చిరిగిపోతుందని ఫిల్మ్ ఒకటి తీసిపెట్టి, ఆపైన ప్రింట్లన్నీ దాని నుంచే తీసేవాళ్లం. ఇవాళ మేము తెరిచే చాలా బీరువాల్లో ట్రేసింగు ముక్కలైపోయింది, ఫిల్మ్ ఒక్కటే మిగిలింది.

ఈ ప్రాంతం పాలన ఎన్నో చేతులు మారింది. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ వచ్చింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసింది. 2008లో హెచ్ఎండీఏ ఏర్పడింది. ఇలా మారినప్పుడల్లా కట్టలు గది మారాయి, జాబితాలు మారాయి, కట్టలో ఏముందో తెలిసినవాళ్లు రిటైరయ్యారు. ఈలోగా అవసరం మాత్రం పెరిగింది. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం వచ్చినప్పుడు పాత లేఅవుట్ నకలు కోసం జనం మా షాపుల ముందు బారులు తీరారు. 2024లో చెరువుల ఆక్రమణలపై చర్యలు తీసుకునే హైడ్రా ఏర్పడ్డాక దుర్గం చెరువు, తమ్మిడికుంట చుట్టుపక్కల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం) గీత ఎక్కడన్నది ఇంటింటి ప్రశ్న అయింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చాక భూమి కాగితంతోపాటు భూమి నక్షాకూ విలువ పెరిగింది.

సరిగ్గా ఈ సమయంలోనే ఒక కార్యాలయం రికార్డు గది నుంచి దరఖాస్తుదారులకు ఒకే వాక్యం వస్తోంది: ‘ఫిల్మ్ చెడిపోయినందున నకలు ఇవ్వ వీలుపడదు’. ఆ వాక్యం పడిన ఫిల్మ్ వారం తిరక్కముందే తీసివేతల జాబితాలోకి ఎక్కుతోంది. ప్రింటు మసకగా వచ్చినందుకు వృథా అయిన కొత్త ఫిల్మ్ ఖరీదు ఆపరేటర్ జీతంలోంచి కోస్తున్నారు. అలా కోత పడినవాళ్లు ఈ వినతిపత్రం మీద సంతకం చేసినవారిలో ఉన్నారు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక చోటి అధికారులను నిలదీయడానికి మేము రాలేదు. అమ్మోనియా మెషీన్ మిగిలి ఉన్న ప్రతి గదిలోనూ రేపు ఇదే జరగవచ్చు కనుక వచ్చాం.

మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. అమ్మోనియా ఫిల్మ్ మీద బొమ్మ చెడిందంటే దానికి కారణం ఉంటుంది. ఆ కారణం మూలంలో ఉందా, కొత్త ఫిల్మ్‌లో ఉందా, దీపంలో ఉందా, అమ్మోనియాలో ఉందా అన్నది నాలుగు ఫిల్మ్ ముక్కలతో తేల్చవచ్చు. అది తేల్చకముందు మూలాన్ని చెడిపోయిందనడం అన్యాయం. నకలు కోసం వచ్చినవారికీ అన్యాయమే, మెషీన్ దగ్గర నిలబడే మనిషికీ అన్యాయమే.

తమరిలో చాలామంది ఈ మెషీన్ పని దగ్గరుండి చూసి ఉండరు కనుక అది ఎలా పనిచేస్తుందో కొంచెం చెబుతాం. ఫిల్మ్ మీద డయాజో అనే రసాయనం పూత ఉంటుంది. దాంతో కలిసి రంగుగా మారే ఇంకో పదార్థం, కప్లర్, అదే పూతలో పక్కనే ఉంటుంది. ఆ రెండూ ముందే కలిసిపోకుండా కొంచెం ఆమ్లం కాపలా ఉంటుంది. మూలాన్ని పైన పెట్టి మెర్క్యురీ దీపం ముందు నడిపిస్తే, 400 నానోమీటర్ల దగ్గరి ఊదా, అతినీలలోహిత కాంతి గీతలు లేని చోటల్లా డయాజోను విరగ్గొట్టి నైట్రోజన్‌గా పంపించేస్తుంది. గీత నీడ పడిన చోట డయాజో మిగులుతుంది. తర్వాత అమ్మోనియా ఆవిరి తగలగానే ఆమ్లం విరిగిపోయి, మిగిలిన డయాజో కప్లర్‌తో కలిసి రంగు గీత అవుతుంది. డార్క్ రూమ్ అక్కర్లేదు, నీళ్లలో కడగక్కర్లేదు. 1920లలో జర్మనీలో ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చిన గుస్టావ్ కోగెల్ అనే క్రైస్తవ సన్యాసి, చెరిగిపోయిన పాత చేతిరాతలను ఫొటోల్లో మళ్లీ కనిపించేలా చేయడానికి పాటుపడిన మనిషి. అందుకే ఈ పద్ధతిలో నకలు రాలేదంటూ పాత రాతను పారేస్తుంటే మాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పని రెండే అడుగులు, వెలుతురు, ఆవిరి. తప్పు ఏ అడుగులో జరిగిందో తెలుసుకోవడమే మొదటి విద్య. ప్రింటు పాలిపోయి వచ్చిందనుకోండి, గ్రౌండు, అంటే గీతలు లేని మేర, తెల్లగానే ఉంది. ఆపరేటర్ చేయాల్సిన మొదటి పని ఆ ఫిల్మ్‌ను దీపం వైపు పోనివ్వకుండా మెషీన్‌లోని అమ్మోనియా గదిలోంచి మాత్రమే ఇంకోసారి నడిపించడం. గీత ముదిరితే ఆవిరి చాలలేదని అర్థం. ముదరకపోతే వెలుతురు ఎక్కువైంది, గీత కాలిపోయింది, మెషీన్ వేగం పెంచి కొత్త ఫిల్మ్ మీద మళ్లీ తీయాలి. ఈ రెండో నడక వెంటనే జరగాలి. ఆవిరి చాలని ఫిల్మ్‌ను కిటికీ పక్క బల్ల మీద పెట్టి సూపరింటెండెంట్ గారి కోసం ఎదురుచూస్తే, గీతలో మిగిలి ఉన్న డయాజోను పగటి వెలుగే తినేస్తుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నడిపినా రంగు రాదు. పరీక్షకు పనికొచ్చే ఆ కొద్ది నిమిషాలు సంతకాల కోసం పోతున్నాయి.

గ్రౌండు నీలంగానో పసుపుగానో మసకబారితే దారి వేరు. మూలం ఏదీ పెట్టకుండా ఖాళీ ఫిల్మ్ ముక్కను దీపం ముందు నడిపి ఆవిరి పట్టించాలి. అది అద్దంలా తేలిపోవాలి. రంగు ఉంటే ఇంకో ముక్కను దీపం ముందు రెండుసార్లు నడపాలి. ఇప్పుడు తేలిపోతే దీపం బలం తగ్గింది, లేదా వేగం ఎక్కువైంది, లేదా దీపం చుట్టూ ఉన్న గాజు సిలిండర్‌కు దుమ్ము పట్టింది. అయినా రంగు ఉంటే ఫిల్మ్ డబ్బాలో ఉండగానే ముగ్గింది, అందులోని రసాయనాలు మన ప్రమేయం లేకుండానే కలిసిపోయాయి. మూడో ముక్కకు వెలుతురు చూపించకుండానే ఆవిరి పట్టించాలి. అది ఆ ఫిల్మ్ ఇవ్వగలిగినంత ముదురు రంగు చూపాలి. చూపకపోతే మూతున్న గాజు సీసాలో అమ్మోనియాతో తడిపిన దూది వేసి, నాలుగో ముక్కను దూదికి తగలకుండా అందులో వేలాడదీయాలి. సీసాలో ముదిరితే మెషీన్‌లో ఆవిరి అందడం లేదు. సీసాలోనూ పాలిపోతే ఆ ఫిల్మ్ పాతది. ఇంతే పరీక్ష. నాలుగు ముక్కలూ ఒక పోస్టుకార్డు అంత ఫిల్మ్‌లోంచి వస్తాయి. ఈ నాలుగింటిలో దేనికీ బీరువాలోని పాత మూలంతో పని లేదని గమనించాలి. ఇవన్నీ బాగుంటేనే మూలం మీద అనుమానం పడాలి.

మిగతా లోపాలు కంటితో చూసి చెప్పవచ్చు. నిలువు చారలు ఒకే చోట ప్రతి ప్రింటులోనూ పడితే గాజు సిలిండర్ మీద మరక ఉంది. అడ్డంగా పట్టీలు పడితే వోల్టేజీ ఊగింది, లేదా నడిపే బెల్టు జారింది. ఒక పక్క ముదురు, ఒక పక్క పలుచన అయితే అమ్మోనియా గది సీలు కారుతోంది. నీటి చుక్కల్లాంటి మచ్చలు ఉదయం మొదటి ప్రింట్లలోనే కనిపిస్తే మెషీన్‌లోని అమ్మోనియా ట్యాంకు వేడెక్కకముందే పని మొదలుపెట్టారు, ఆవిరి చల్లబడి ఫిల్మ్ మీద నీరై కూర్చుంది. నల్ల గీత ఫిల్మ్ గోధుమ రంగుకు తిరిగితే అందులోని కప్లర్లలో ఒకటి పూర్తిగా రంగెక్కలేదు, ఇంకోసారి ఆవిరి పట్టించాలి. గుండీలంత మేర గీతలు అలికినట్టుంటే అక్కడ మూలం ముడతపడి ఫిల్మ్‌కు ఆనలేదు. ఇన్ని కారణాలకూ ఇప్పుడు రిజిస్టర్‌లో ఒకటే గడి ఉంది, అందులో ‘చెడిపోయింది’ అని రాసేస్తున్నారు.

ఒక్క నకలు సంగతి వివరంగా చెబుతాం. చెరువు దిగువన ఉన్న ఒక పాత లేఅవుట్ ఫిల్మ్ అది. నకల్లో ప్లాట్లు, రోడ్లు, నంబర్లు అన్నీ చక్కగా వచ్చాయి. సంతకం కూడా అయిపోయింది. మాలో ఒకరు మూలాన్ని వెలుగుబల్ల మీద పెట్టి చూస్తే, రెండు ప్లాట్ల వెనక నుంచి వెళ్లే చుక్కల గీత ఒకటి మూలంలో ఉంది, నకల్లో లేదు. అది నాలా. పెన్సిల్‌తో పలుచగా వేసిన చుక్కలు, వాటి పక్కన సన్నటి అక్షరాల్లో వెడల్పు. గ్రౌండు తెల్లగా రావాలని మెషీన్‌ను నెమ్మదిగా నడిపారు, వెలుతురు ఎక్కువై ఆ చుక్కలు కాలిపోయాయి. పైగా ఫిల్మ్‌ను తిరగేసి పెట్టారు. పూత ఉన్న వైపు మూలంలోని గీతకు ఆనకపోతే మధ్యలో ఉన్న ఫిల్మ్ మందంలోంచి వెలుతురు పక్కల నుంచి చొరబడి సన్న గీతలను తినేస్తుంది. వేగం పెంచి, వైపు మార్చి, ఆవిరి రెండుసార్లు పట్టించి తీస్తే గ్రౌండు కొంచెం మసకగా వచ్చింది, నాలా మాత్రం వచ్చింది. చూడడానికి అందంగా ఉన్న మొదటి నకలు తప్పుడు నకలు. దాన్ని పట్టుకుని ఎవరైనా ఇల్లు కట్టి ఉంటే వానాకాలం ఎవరి గుమ్మం ముందు నీళ్లు నిలుస్తాయో తమరికి తెలియంది కాదు.

వైపు మాట వచ్చింది కనుక ఇంకొకటి. పాత సెపియా ఫిల్మ్‌లలో కొన్ని అద్దంలో చూసినట్టు అక్షరాలు తిరగబడి ఉంటాయి. తప్పుగా తీశారని వాటిని పక్కన పడేస్తున్నారు. అవి కావాలనే అలా తీసినవి. తిరగబడ్డ బొమ్మను బోర్లా పెట్టి ప్రింటు తీస్తే గీత నేరుగా పూతకు ఆనుతుంది, అక్షరాలు సరిగా పడతాయి, సన్న గీత నిలుస్తుంది. అప్పటి డ్రాఫ్ట్స్‌మన్ ముందుచూపును ఇప్పుడు లోపంగా లెక్కగడుతున్నారు.

వెలిసిన ఫిల్మ్ గురించి కూడా తొందరపడవద్దని మనవి. అమ్మోనియా ఫిల్మ్ రంగు వెలుతురులో వెలుస్తుంది, ఈ మాట మేము దాచడం లేదు. అందుకే శాశ్వత మూలంగా దీన్ని కాక వెండి పూత ఫిల్మ్‌ను పెట్టుకోవడం పద్ధతి. కానీ సెపియా గీత పసుపు గోధుమ రంగుది. కంటికి దాదాపు మాయమైనట్టున్నా ఊదా కాంతికి అది ఇంకా అడ్డుగానే నిలుస్తుంది. ట్యూబ్‌లైటు కింద పట్టుకుని ‘ఏమీ కనిపించడం లేదు’ అని కొట్టేసిన ఫిల్మ్ మీద దీపం ముందు గీత పలకడం మేము చూశాం. స్కానింగుకూ ఇదే వర్తిస్తుంది. నలుపు తెలుపులో స్కాన్ చేస్తే ఆ గీత పోతుంది. రంగులో స్కాన్ చేసి అందులో నీలం పొరను విడిగా చూస్తే గీత తేలుతుంది. రోలర్ల మధ్య లాగే స్కానర్‌లో కాకుండా బల్ల స్కానర్‌లో పరిచి తీస్తే కొలతా చెడదు. హద్దు నక్షాకు కొలతే ప్రాణం.

ఇక మేము పనిచేసే చోటు. ఈ కారిడార్‌లో కొత్తగా మారిన ఆఫీసులు అద్దాల కాంప్లెక్సుల్లో ఉన్నాయి. తెరిచే కిటికీ ఉండదు. అమ్మోనియా మెషీన్‌కు దొరికే చోటు సెల్లారో, జనరేటర్ పక్క గదో. కొత్త ఫిల్మ్ డబ్బాలు కూడా ఆ గదిలోనే, అమ్మోనియా క్యాన్ పక్కనే. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు ఆ గదిలో ఫిల్మ్ వాడకముందే ముగ్గిపోతుంది. మూత తీసి పెట్టిన అమ్మోనియాలో ఆవిరంతా లేచిపోయి నీళ్లు మిగులుతాయి. ముగ్గిన ఫిల్మ్, నీళ్లయిన అమ్మోనియా చేతికిచ్చి నకలు బాగా రాలేదంటే మేమేం చేయగలం?

గాలి సంగతి ఇంకా దారుణం. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు, 8 గంటల పనిలో గాలిలో అమ్మోనియా సగటున 25 పీపీఎం దాటకూడదని, 15 నిమిషాల పాటైనా 35 దాటకూడదని హద్దు పెట్టింది. మా గదుల్లో ఎంత ఉందో కొలిచినవాళ్లు లేరు. ముక్కుకు తెలుస్తుంది కదా అంటారు. రోజూ పీల్చే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, బయటి నుంచి వచ్చినవాళ్లు గుమ్మంలోనే కళ్లు నలుపుకుంటుంటే మాకు ఏమీ అనిపించదు. ఆస్తమా ఉన్న ఆపరేటర్లు మాలో ఉన్నారు. ట్రేలో మిగిలిన ద్రవాన్ని బాత్‌రూమ్ కాలువలో పోస్తున్నారు. అదే కాలువలో శుభ్రం చేసేవాళ్లు బ్లీచింగు పౌడరు చల్లుతారు. ఆ రెండూ కలిస్తే క్లోరమిన్ అనే విషవాయువు పుడుతుంది. ఈ మాట ఆ శుభ్రం చేసే అక్కలకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు, మేమే చెప్పాం. కాలువ దాటి చెరువు చేరితే అమ్మోనియా చేపలకు ప్రాణాంతకం.

పై పరిస్థితుల దృష్ట్యా మా కోరికలు ఇవి.

అన్నిటికన్నా ముందు, పరీక్ష చీటీ లేకుండా ఏ ఫిల్మ్ మీదా ‘చెడిపోయింది’ అని రాయకూడదు. పైన చెప్పిన నాలుగు ముక్కలనూ, ఏ వేగంతో తీశారో, ట్యాంకు ఎంత వేడి మీద ఉందో, ఫిల్మ్ డబ్బా మీది తేదీ ఏమిటో రాసిన కాగితానికి అతికించి ఫైలులో పెట్టాలి. దరఖాస్తుదారు అడిగితే చూపించాలి. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 2(ఐ) ‘రికార్డు’ అనే మాటలో మైక్రోఫిల్మ్‌నూ, అందులోని బొమ్మకు తీసిన నకలునూ స్పష్టంగా చేర్చింది. ఫిల్మ్ రూపంలో ఉన్న రికార్డుకు చట్టం ఇచ్చిన ఈ గౌరవం రికార్డు గది బీరువా దాకా రావాలి. మొదటి నకలు మెషీన్ లోపం వల్ల చెడితే రెండోదానికి దరఖాస్తుదారు నుంచి మళ్లీ రుసుము తీసుకోకూడదు.

చెడిన నకళ్ల ఖరీదు జీతంలోంచి కోయడం వెంటనే మానాలి, ఇప్పటికే కోసింది తిరిగి ఇవ్వాలి. దీని గురించి ఎక్కువ రాయనక్కర్లేదనుకుంటాం.

తీసివేతల జాబితాలో ఉన్న ఫిల్మ్‌లన్నిటినీ ఎక్కడివక్కడ ఆపాలి. ఒక్కోటీ దీపం ముందు, నీలం పొర స్కానింగులో పరీక్షించాకే నిర్ణయించాలి. స్కాన్ అయిపోయినంత మాత్రాన ఫిల్మ్‌ను పారేయకూడదు. స్కాన్‌లో ఏదో గీత పడలేదని పదేళ్ల తర్వాత కోర్టులో తేలితే చూసుకోవడానికి ఫిల్మ్ ఉండాలి. మిగిలినవాటిని వెలుతురు తగలని, చల్లని, పొడి బీరువాల్లో, వెండి పూత ఫిల్మ్‌లు ఉంటే వాటికి దూరంగా, రబ్బరు బ్యాండ్లు వేయకుండా పెట్టాలి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ నిపుణులను ఈ బీరువాలు చూడడానికి ఒకసారి పిలిపించాలని కోరుతున్నాం. పాత కాగితాల మంచిచెడ్డలు చూసినవాళ్ల కన్ను మాకు కావాలి.

సరుకు విషయంలో మేము అడిగేది పెద్ద ఖర్చు కాదు. తయారీ తేదీ ఉన్న ఫిల్మ్ కావాలి, అది ముందొచ్చింది ముందు వాడే పద్ధతిలో చిన్న ఫ్రిజ్‌లో, అమ్మోనియాకు దూరంగా వేరే గదిలో ఉండాలి. ఫిల్మ్ దొరకడం ఏటేటా తగ్గుతోందని ఒకేసారి లారీలోడు కొని పెట్టడం కూడా పొరపాటే, అదంతా డబ్బాల్లోనే ముగ్గుతుంది. అమ్మోనియా చిన్న సీసాల్లో కావాలి, ఎండాకాలం మూత తీసే ముందు చల్లబరచాలి. ట్యాంకుకు థర్మామీటర్, మెషీన్‌కు వోల్టేజీ స్టెబిలైజర్, వెలుతురు కొలుచుకోవడానికి మెట్లుమెట్లుగా ముదురుతూ పోయే ఫిల్మ్ పట్టీ, మూలాన్ని చూసుకోవడానికి ఒక వెలుగుబల్ల. అమ్మోనియా తగిలే చోట ఇత్తడి, రాగి బిగింపులు వాడొద్దని కొనుగోలు విభాగానికి రాతపూర్వకంగా చెప్పాలి. అమ్మోనియా వాటిని తినేస్తుంది, గ్యాస్ కారుతుంది. దీపం ఎన్ని గంటలు వెలిగిందో రాసే పుస్తకం మేమే పెట్టుకుంటాం, దీపం మార్చమన్నప్పుడు మార్చే అధికారి ఒకరు ఉంటే చాలు.

మెషీన్ ఉన్న ప్రతి గదికీ ఎగ్జాస్టు పెట్టాలి. అమ్మోనియా గాలికన్నా తేలిక కనుక దాన్ని పైకప్పు దగ్గర పెట్టి, గొట్టం భవనం పైదాకా తీసుకెళ్లాలి. ఎగ్జాస్టు తిరిగితేనే మెషీన్ ఆన్ అయ్యేలా స్విచ్ కలపాలి. లేకపోతే కరెంటు బిల్లు పేరుతో దాన్ని ఆపేస్తున్నారు. కళ్లు కడుక్కునే నీళ్ల కుళాయి మెషీన్‌కు నాలుగడుగుల దూరంలో ఉండాలి. గాలిని మూడు నెలలకోసారి కొలిపించి ఆ అంకె గోడ మీద రాయాలి. ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష కాంట్రాక్టు ఆపరేటర్లకు కూడా జరగాలి. మిగిలిన ద్రవాన్ని మూతున్న డబ్బాల్లో విడిగా పట్టి పద్ధతి ప్రకారం పంపించాలి, బ్లీచింగు పౌడరును ఆ గది దరిదాపులకు రానివ్వకూడదు.

చివరిగా మనుషుల విషయం. ఈ పని తెలిసినవాళ్లలో చాలామందికి అరవై దాటాయి. మా షాపుల్లో దాదాపు అందరమూ ప్లాటర్లకు మారిపోయాం. 2020లో ఆన్‌లైన్‌లో భవన అనుమతులిచ్చే టీఎస్-బీపాస్ వచ్చాక కొత్త ప్లాన్లకు అమ్మోనియా ప్రింటు అడిగేవారే లేరు. దాన్ని మేము తప్పుపట్టడం లేదు, ఈ వ్యాపారాన్ని మళ్లీ నిలబెట్టమనీ అడగడం లేదు. పాత ఫిల్మ్‌లలో ఉన్నదంతా తప్పు లేకుండా బయటికి తీసేంతవరకు ఈ పని బతికి ఉండాలంటున్నాం. రికార్డు గదికి ఇద్దరు చొప్పున యువ ఉద్యోగులను, మాసాబ్ ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూలో ఆర్కిటెక్చర్, ప్లానింగు చదివే విద్యార్థుల్లో ఇష్టమున్నవారిని మా దగ్గరికి పంపండి. ముక్కల పరీక్ష, వైపు గుర్తుపట్టడం, సన్న గీత కోసం వేగం ఎంచుకోవడం నేర్పిస్తాం. దానికి మాకు జీతం అక్కర్లేదు, టీఏ ఇస్తే చాలు. నేర్పేవాళ్లకు ఓపిక ఉన్నప్పుడే ఇది జరగాలి.

ఈ వినతితోపాటు నాలుగు ముక్కల పరీక్షకు నమూనా చీటీ ఒకటి, పైన చెప్పిన లేఅవుట్ రెండు నకళ్లూ, యజమానుల పేర్లు, ప్లాట్ నంబర్లు కనిపించకుండా కప్పి, జతచేస్తున్నాం. మొదటి దాంట్లో నాలా లేని చోటు, రెండో దాంట్లో నాలా ఉన్న చోటు ఎర్ర పెన్సిల్‌తో గుర్తుపెట్టాం. తమరు తేదీ ఇస్తే మెషీన్ దగ్గరే నిలబడి ఈ పరీక్ష చేసి చూపించడానికి మాలో నలుగురు వస్తారు. అప్పటిదాకా తీసివేతల జాబితాలోని ఫిల్మ్‌లు ఏవీ గది దాటకుండా ఉత్తర్వు ఇప్పించగలరని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
తమ విధేయులు,
మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం ప్రాంతాల ప్లాన్ ప్రింటింగు షాపుల వారు, అమ్మోనియా మెషీన్ ఆపరేటర్లు, రిటైర్డ్ ట్రేసర్లు, డ్రాఫ్ట్స్‌మెన్
(సంతకాలు విడి కాగితం మీద)